వివరాలు లభ్యం కాలేదు

వేలు కింద పెట్టి చదివితేనే స్వరాజ్యానికి అక్షరాలు కదలకుండా నిలబడతాయి. అందుకే వనిత ఇచ్చిన పెద్ద కాగితాన్ని కౌంటరు మీద పరిచి, చూపుడువేలిని ఒక్కో గడి కిందికి జరుపుకుంటూ పోతోంది. ఆ వేలి కొసంతా సూది గుచ్చుకున్న మచ్చలే. చీరలకు ఫాల్స్ కుట్టీ కుట్టీ వేలు అక్కడ మొద్దుబారిపోయింది.

మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మధ్య ఇరుక్కున్న డీటీపీ షాపు అది. వనిత అందులో టైపు చేస్తుంది. ఫాల్స్ కుట్టిన చీర ఇచ్చి పోదామని వచ్చిన స్వరాజ్యాన్ని ఆమే ఆపింది.

"ఆంటీ, మీ ఇంటి పుస్తకమే చేస్తున్న. బండమీది వారి వంశావళి. నీ పేరు సుత ఉంది, చూసుకో."

పైన మల్లయ్య. కింద ముగ్గురు కొడుకులు. ఒక్కొక్కరి పక్కన భార్య పేరు, వాళ్ల కింద పిల్లలు. ఈ పేర్లన్నీ స్వరాజ్యం నోటి నుంచి వచ్చినవే. పెండ్లయి వచ్చిన ఏడాది నుంచి ప్రతి పెత్రమాసకు, పెద్దల అమావాస్య నాడు, ఇంటి మగవాళ్లు అయ్యగారికి బియ్యం ఇస్తుంటే, వెనక నిలబడి పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే అందించింది ఆమె. మగవాళ్లకు తాత దాటితే గుర్తుండేది కాదు.

వేలు రెండో కొడుకు దగ్గరికి వచ్చింది. నర్సయ్య. ఆమె మామ. పక్కన భార్య పేరు ఉండాల్సిన చోట పేరు లేదు. ఏదో పొడుగు మాట ఉంది. కూడబలుక్కుని చదివింది. మళ్లీ చదివింది. తప్పు చదివానేమో అనుకుని కాగితం వనిత వైపు తిప్పింది.

"ఇదేందో చదువు బిడ్డా."

"వివరాలు లభ్యం కాలేదు."

"అంటే?"

"దొరకలేదని, ఆంటీ."

"ఎవలకు దొరకలేదు?"

వనిత చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "నాకేం తెలుసు ఆంటీ. ముందుగాల అక్కడ రాజవ్వ అని ఉండె. నేనే కొట్టిన. సోమారం విజయేందర్ సార్ వచ్చి తీసెయ్యమన్నడు."

స్వరాజ్యం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. మడత మడతకూ గోటితో గట్టిగా గీసింది, చీర అంచును మడిచినట్టు.

"ఇది నేను తీస్కపోతున్న," అంది.

విజయేందర్ ఆమె మరిది. భర్త చిన్నాయన కొడుకు. డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరయ్యాడు. పాత ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు లేపి పై మూడు లేడీస్ హాస్టల్‌కిచ్చి కింద తను ఉంటున్నాడు. స్వరాజ్యం వెళ్లేసరికి ముందు గదిలో కూర్చుని శుభలేఖల్లాంటి కవర్ల మీద పేర్లు రాస్తున్నాడు.

ఆమె కవర్ల మీదనే కాగితం పరిచింది.

"రాజవ్వ యాడికి పోయింది, విజయేందరూ?"

అతను కాగితాన్ని చూశాడు. దాని మీద ఆనించిన వేలిని చూశాడు.

"నువ్వు చదివినవా?"

"నేను చదవననే తీసినవా?"

"కూసో వదినా. చాయ్ తాగు."

"చాయ్ వద్దు. నా అత్త పేరు ఏమైందో చెప్పు."

అతను పెన్నుకు మూత పెట్టాడు. లోపలి గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "జర అర్థం చేసుకో. ఆదివారం మా కొడుకు అనుదీప్ అత్తగారోళ్లు వస్తున్నరు. ఫంక్షన్ హాల్ల వాళ్ల చేతిల ఈ పుస్తకం పెడుతున్నం. అండ్ల మారుమనువు అని రాసుకుంటమా? పంచాయితిల మొగణ్ని ఇడిసిపెట్టి వచ్చినామె అని నలుగురికి చెప్పుకుంటమా?"

"మొగడు కర్ర పట్టి కొడితే ఇడిసింది. నలుగురు పెద్దమనుషులు కూసొని ఇడిపించిన్రు. నలుగురి ముందటనే మామ పుస్తె కట్టిండు. దొంగతనంగ వచ్చిందా?"

"నేను దొంగతనమన్ననా?"

"నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు సోయి లేకుండె. నెల రోజులు నిన్ను కాళ్ల మీద పండబెట్టుకొని నీళ్లు పోసింది ఎవలు?"

"పెద్దమ్మనే. కాదంటున్ననా?" అతని ముఖం ఎర్రబడింది. "కని రాతల ఏముంది చెప్పు. ఆధారం లేనిది రాయొద్దని, వంశావళి రాసిన చక్రపాణి గారే అన్నడు. నీది నోటిమాట."

"ఈ పుస్తకంల నా నోటిమాట కానిదేముంది?"

అతను ఒక కవరు తీసి, రాసిన అడ్రసునే మళ్లీ చూసుకున్నాడు. తర్వాత ఆఫీసు గొంతుతో అన్నాడు.

"శుక్రారం ప్రెస్సుకు పోతది. అప్పటిదాంక కాగితం ఏమన్న తీసుకరా, చూద్దాం. ఆదివారం నువ్వు గేటు కాడ టేబుల్ మీద కూసోవాలె మరి. వచ్చినోళ్లందరికి పుస్తకం నీ చేతులమీదనే ఇప్పిస్త. నీ అంత కష్టం ఎవలు పడ్డరు?"

గేటు దగ్గర. స్టేజీ మీద కాదు. స్వరాజ్యం కాగితం మడిచి బొడ్లో దోపుకుంది.

మర్నాడు పొద్దున్నే కుట్టు మిషను మీద గుడ్డ కప్పి పంజాగుట్ట వెళ్లింది. చక్రపాణిది మూడో అంతస్తు ఫ్లాటు. కిటికీకి ఎదురుగా మెట్రో పోతుంటే గాజు గ్లాసులు సన్నగా వణుకుతాయి. ఆయనది ఏలూరు. లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాక అడిగిన వాళ్లకు వంశవృక్షాలు రాసిపెట్టడం పనిగా పెట్టుకున్నాడు. ఈ పుస్తకం కోసం ఏడాదిపాటు స్వరాజ్యం ఆయన్ని శ్మశానంలో సమాధుల మధ్య, ముసలివాళ్లున్న ఇళ్ల చుట్టూ తిప్పింది.

కాగితం చూసి ఆయన కళ్లజోడు తీసేశాడు.

"ఇదేంటమ్మా? నేనిలా రాయలేదే."

"ఆమె పేరు రాయొద్దని చెప్పినవంట సారూ. ఆధారం లేదన్నవంట."

ఆయన లేచి అల్మారాలోంచి అట్ట వేసిన నోటుబుక్కు తెచ్చాడు. తేదీ వెతికాడు. పేజీ ఆమె వైపు తిప్పాడు. వేలు పెట్టి చదువుకుంది: రాజవ్వ. నర్సయ్య భార్య. మారుమనువు. చెప్పినవారు: స్వరాజ్యం, కోడలు.

"మీరు చెబుతుంటే రాసుకున్నవాణ్ని నేనే కదా. లభ్యం కాలేదని నేనెలా అంటాను?" ఆయన నోటుబుక్కు పక్కన పెట్టాడు. "సరే. మీ శాఖ వివరాలు మీ చేత్తో మీరే రాయండి. సంతకం పెట్టండి. నేను సాక్షి సంతకం చేస్తాను. అప్పుడది రాతే అవుతుంది. ఎవరంటారో చూద్దాం నోటిమాటని."

ఆయన దగ్గర ఒక ఫారం ఉంది. ఒక్కో మగవాడికి ఒక్కో కాగితం. పేరు, తండ్రి, తల్లి, భార్యలు, సంతానం. స్వరాజ్యం బల్లకు దగ్గరగా జరిగి పెన్ను పట్టుకుంది. యాభై దాటాక కమ్యూనిటీ హాల్లో మధ్యాహ్నం బడికి పోయి నేర్చుకున్న రాత. అక్షరానికీ అక్షరానికీ మధ్య కుట్టుకూ కుట్టుకూ ఉన్నంత ఎడం వదులుతుంది. నర్సయ్య కాగితం అయిపోయింది. రాజవ్వ అని రాసేటప్పుడు పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కింది కాగితం మీద కూడా ఆ అచ్చు పడింది.

రెండోది భర్త కాగితం. మొగుడి పేరు నోటితో ఇప్పటికీ అనదు గాని, రాయగలదు. ఓదెలు. తండ్రి నర్సయ్య. తల్లి రాజవ్వ. మళ్లీ ఇంకోసారి రాజవ్వ అని రాసినందుకు లోపల కొంచెం చల్లబడింది.

భార్యలు అన్నచోట రెండు గీతలున్నాయి. ఒకటి, రెండు. పెన్ను ఒకటో గీత మీద ఆగింది. కొంతసేపు అక్కడే ఉంది. తర్వాత కిందికి దిగి రెండో గీత మీద తన పేరు రాసింది.

"ఒకటో గీత వదిలేశారు," అన్నాడు చక్రపాణి.

"ఆమె నాకన్న ముందుగాల ఉండె. సచ్చిపోయింది. తర్వాత నన్ను చేసుకున్నడు."

"మీరెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"నువ్వు అడగలే సారూ."

ఆయన నోటుబుక్కు పేజీలు తిప్పి మళ్లీ ఆమె ముందు పెట్టాడు. వేలు పెట్టింది. ఓదెలు. భార్య ఒక్కరే. చెప్పినవారు: స్వరాజ్యం.

మెట్రో పోయింది. గ్లాసులు వణికి ఆగాయి.

"పోనీలెండి. ఇప్పుడు రాద్దాం. ఆవిడ పేరేంటి?"

స్వరాజ్యం మెడ తడుముకుంది. అక్కడిప్పుడు ఏమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్లు పుస్తెల పక్కన సవతమ్మ బిళ్ల వేలాడేది. మొదటి భార్య పోయాక వచ్చినామె మెడలో కట్టే వెండి బిళ్ల. కొత్త చీర ఏది వచ్చినా ముందు ఆ బిళ్లకు తాకించి, పసుపు పెట్టి, ఆ తర్వాతే తను కట్టుకునేది. సవతమ్మకు ఇచ్చినమా అని అత్త అడిగేది. సవతమ్మకు మొక్కినవా అని మొగుడు అడిగేవాడు. పెత్రమాసకు అయ్యగారి దగ్గర కూడా అదే మాట చెప్పింది: సవతమ్మ. అయ్యగారు ఆ మాటతోనే నీళ్లు వదిలించాడు.

"నాకు తెల్వదు సారూ."

చక్రపాణికి ఆమె ముఖంలో ఏం కనబడిందో, మెత్తగా అన్నాడు. "ఇందులో ఇబ్బందేం లేదమ్మా. ఇలాంటివి చాలా వస్తాయి. పేరు తెలియనప్పుడు రాసే పద్ధతి ఒకటుంది. వివరాలు లభ్యం కాలేదు అని..."

ఆమె లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పోయి గోడకు తగిలింది.

"ఆ మాట రాయకు," అంది. రాసినవన్నీ బల్ల మీదే వదిలేసింది. ఒకటో గీత ఖాళీగా ఉన్న కాగితం మాత్రం తీసుకుని దిగిపోయింది.

ఇంటికొచ్చి దారపుండల డబ్బాలోంచి బిళ్ల తీసింది. నల్లబడింది. మొగుడు పోయిన పదో రోజు పుస్తెలతో పాటు తీసినది అప్పట్నుంచీ దారాల కిందే ఉంది. చీర కొంగుతో రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ కోపం ఎవరి మీద పడాలో తెలియక గింజుకుంది. పెండ్లయిన కొత్తలో ఒకసారి అత్తనే అడిగింది, ఆమె పేరేంటని. "ఆ పేరు నా ఇంట్ల తియ్యకు. బల్కంపేటల ఆమె తల్లిగారోళ్ల గడప తొక్కకు," అంది రాజవ్వ. అదే రాజవ్వ. ఎవరి పేరు కోసం నిన్నట్నుంచి కడుపు మండుతోందో ఆమె. అత్త పోయి పద్దెనిమిదేళ్లయింది. ఆ తర్వాత తనను అడగొద్దన్నది ఎవరు? ఎవరూ లేరు.

శుక్రవారం ఆమె బల్కంపేట పోయింది. ఎల్లమ్మ గుడి దాటాక ఒకప్పుడు బర్రెల కొట్టం ఉన్న జాగాలో ఇప్పుడు పాల బూత్ ఉంది. ఆ ఇంటివాళ్లదే. అంతవరకు తెలుసు. ముప్పై ఏడేళ్లు ఆ రోడ్డున పోయిన ప్రతిసారీ తల తిప్పుకుని నడిచింది కాబట్టి బాగా తెలుసు.

బూత్‌లో అరవైకి దగ్గరపడ్డాయన ఒకడు ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. సాయిలు. పోయినామె తమ్ముడు.

"ఎన్ని ప్యాకెట్లు?" అన్నాడు తలెత్తకుండా.

"పాలకు రాలే. నేను ఓదె... బండమీదోళ్ల కోడల్ని. మీ అక్క తర్వాత వచ్చినదాన్ని."

ట్రేలు పేర్చడం ఆగలేదు. ఆఖరి ట్రే పెట్టి, తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాక చూశాడు.

"ఇప్పుడచ్చినవా?"

ఆమె కొంగుముడి పట్టుకుని నిలబడింది.

"మా అమ్మ చీర కొని పెట్టుకొని మూడేండ్లు చూసింది. మారుబిడ్డ వస్తది, బొట్టు పెట్టి చీర పెట్టాలె అని. బిడ్డ పోయిన ఇంట్ల బిడ్డ తీర్గ ఒకతె ఉన్నదని ఆమెకు ఆశ. వాకిట్ల ఎవలన్న ఆడామె నిలబడితె లేచి పోయేది. నువ్వు రాలే. ఆ చీర మా అమ్మ మీదనే కప్పి తీస్కపోయినం."

పాల కోసం వచ్చిన ఒకామె రెండు ప్యాకెట్లు తీసుకుని పోయేదాకా ఇద్దరూ ఆగారు.

"ఇప్పుడేం గావాలె?" అన్నాడు.

"ఆమె పేరు గావాలె."

సాయిలు నవ్వాడు. అది నవ్వు కాదు. "పేరు తెల్వదా? మెడల కట్టుకొని తిరిగినవంట గదా."

"తెల్వదు," అంది స్వరాజ్యం. "చెప్పలే. నేను సుత అడగలే. తప్పు నాదే."

కొంగుముడి విప్పి బిళ్లను స్టీలు కౌంటరు మీద పెట్టింది. కొంగుతో రుద్దిన మేర తెల్లగా, అంచుల్లో నల్లగా ఉంది. సాయిలు దాన్ని వెంటనే ముట్టుకోలేదు. తర్వాత తీసుకుని బొటనవేలితో చుట్టూ తడిమాడు.

"ఇది మా నాయిన చేయించి పంపిండు. అంచు కాడ చూడు, ఈ చుక్కలు. అక్క కాలి మెట్టెలు కరగబెట్టిపిచ్చిండు. ఎవలన్న కోడలు వస్తె మెడలేసుకుంటది, మన పిల్ల ఇంట్లనే తిరుగుతదని."

అతను బిళ్ల ఆమె చేతిలో పెట్టి రోడ్డు వైపు చూశాడు.

"బాలమణి," అన్నాడు. "కామెర్లతోని పోయింది. ఇరవై రెండేండ్లు. మీ ఇంట్ల నాలుగేండ్లు ఉన్నది. పాటలు మస్తు పాడేది."

స్వరాజ్యం కాగితం తీసి, కౌంటరు మీది తడి తుడిచి, పరిచి, ఒకటో గీత మీద రాసింది. బా. ల. మ. ణి దగ్గర ఆగింది. ఎక్కువ రాయని అక్షరం. గాలిలో ఒకసారి వేలితో రాసి చూసుకుని అప్పుడు పెట్టింది. సాయిలు వంగి చూశాడు.

"ఆదివారం అమీర్‌పేటల పుస్తకం ఇస్తరు," అంది ఆమె. "మీ అక్క పేరు ఉంటది. నువ్వు రావాలె."

"పిలవంగనే వస్తమా మేము?"

"రాకుంటె రాకు. నేను పిలిచిన."

అక్కణ్నుంచి నేరుగా షాపుకు నడిచింది. రెండు గల్లీలు తిరిగేసరికి రొప్పు వచ్చింది. కాగితం చూపిస్తే వనిత తీసుకోలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"ఆంటీ, అది ఎప్పుడో పోయింది ప్రెస్సుకు. బుధారం నువ్వు ఇట్ల పోయినవు, గంటకే సార్ ఫోన్ చేసిండు. పంపెయ్యి, ఇంక మార్చేది ఏం లేదన్నడు. రేపు కట్టలు హాలుకే వస్తయి."

బుధవారం. శుక్రవారం లోపల కాగితం తెమ్మని ఆమెకు చెప్పి పంపించిన వెంటనే. స్వరాజ్యం గోడకు చేరబడింది. అరవాలనిపించింది. ఎదురుగా అరవడానికి వనిత తప్ప ఎవరూ లేరు.

"ఎన్నో పేజీల ఉంది మాది?" అంది చివరికి.

"ఏడు."

"ఎన్ని పుస్తకాలు?"

"రెండు వందలు."

"మంచి పెన్ను ఒకటియ్యి బిడ్డా. చెదిరేది గాదు. నల్లది."

ఆదివారం పదింటికి ఫంక్షన్ హాలు గేటు దగ్గర టేబులు వేశారు. మీద తెల్లగుడ్డ, దాని మీద పుస్తకాల కట్టలు, పక్కన పన్నీరు బుడ్డి. స్వరాజ్యం తన కుర్చీ తానే సరిచేసుకుని కూర్చుంది. మొదటి కట్ట దారం పళ్లతో తెంపింది.

మొదటగా వచ్చిన దంపతులు చేయి చాపారు. ఆమె పుస్తకం ఇవ్వలేదు. ఏడో పేజీ తీసింది. 'వివరాలు లభ్యం కాలేదు' మీద ఒక్క గీత అడ్డంగా గీసింది. పైన రాసింది: రాజవ్వ. వేలు కిందికి జరిపింది. ఓదెలు పక్కన తన పేరుంది. దాని పైన కొద్దిగా తెల్లజాగా. అక్కడ రాసింది: బాలమణి. ఊదింది. ఆరాక ఇచ్చింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడాయన.

"అచ్చుల పోయినయి. నింపుతున్న."

ఇద్దరయ్యాక నలుగురు నిలబడ్డారు. నలుగురయ్యాక పన్నెండు మంది. ఆమె రాత వేగంగా సాగదు. ఒక్కో పుస్తకానికి రెండు పేర్లు, ఏడు అక్షరాలు. వెనకవాళ్లు ముందువాళ్ల భుజాల మీంచి ఏడో పేజీ చూస్తున్నారు. "రాజవ్వంటె ఎవలు, మన చిన్నప్పుడు పుంటికూర పచ్చడి పంచేది, ఆమెనా?" అని ఒక ముసలామె. "ఆమెనే, మారుమనువు వచ్చినామె," అని ఇంకొకామె. "మా అమ్మది సుత అంతనే గదా, దాంట్లేముంది," అని మూడో గొంతు. వరుస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది.

విజయేందర్ పట్టు ధోతిలో గబగబా వచ్చాడు. అతని వెనక కొంచెం దూరంలో అనుదీప్ అత్తగారివాళ్లు కారు దిగుతున్నారు. అతను టేబులు మీదికి వంగాడు.

"ఏం చేస్తున్నవు వదినా? పరువు తీస్తవా?" ముఖం నవ్వుతూనే ఉంది, వచ్చేవాళ్ల కోసం. గొంతులో నవ్వు లేదు. "సరే, రాజవ్వ అని రాస్తె రాయి. ఆ రెండో పేరేంది? ఆమెకు పిల్లలా జెల్లలా? ఆమెను ఎవలడుగుతున్నరు?"

"ఎవలడగలే. నేను సుత అడగలే."

"ఆ ఒక్కటి ఆపు. నీ అత్త పేరు నేనే అందరికి మైకుల చెప్త. నీకు గావాల్సింది అదే గదా?"

బుధవారం అయితే అదే. పెన్ను ఎత్తి అతన్ని ఒకసారి చూసింది. తర్వాత మళ్లీ పుస్తకం మీద పెట్టింది.

"జరంత ఆగు. ణి రాస్తున్న."

కారు దిగినవాళ్లు వరుస చివర వచ్చి నిలబడ్డారు. విజయేందర్ నిటారుగా అయ్యి చేతులు జోడించాడు. అంతకంటే చేయగలిగింది అతనికి ఏమీ లేకపోయింది.

పదకొండు దాటాక ఆమె ముందు ఒక చేయి చాపి ఉంది. నీళ్లలో నాని తెల్లబడిన వేళ్లు. సాయిలు. ఉతికిన చొక్కా, తడిపి దువ్విన తల. ఆమె రాసి, ఊది ఇచ్చింది. అతను తీసుకుని పక్కకు జరగలేదు. పేజీని దూరంగా పట్టి చూశాడు. దగ్గరగా పట్టి చూశాడు. వెనకవాళ్లు గొణుగుతున్నారు.

"నాకు సదువు రాదు," అన్నాడు మెల్లగా. "యాడుంది?"

స్వరాజ్యం లేచి నిలబడింది. టేబులు మీంచి వంగి అతని చూపుడువేలు పట్టుకుని, అక్షరాల కింద పెట్టి, బా దగ్గర్నుంచి ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయింది. వెనక రోడ్డు మీద వరుస ఆగి ఉంది.